తేలిక గొడుగు

"అక్కడ పెట్టండి, చూస్తాను," అన్నాడాయన, చేపల గాలాల కొట్టు యజమాని చేతికివ్వబోయిన గొడుగును అందుకోకుండా. యజమాని ఒక క్షణం చెయ్యి చాచి అలాగే నిలబడి, అవతలినుంచి ఏ చెయ్యీ రాకపోయేసరికి గొడుగును బల్ల మీద, రీళ్ళ డబ్బాల పక్కన పెట్టాడు. పట్టుకుని చూస్తేనే కదండీ మేస్త్రీగారూ తేలిక తెలిసేది, కళ్ళతో చూస్తే ఏనుగు కూడా తేలిగ్గానే ఉంటుంది అని నవ్వాడు. ఆయనా నవ్వాడు. నవ్వడానికి చేతులతో పనిలేదు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది, ఇంట్లో బయల్దేరినప్పటినుంచీ అక్కడే ఉంది, ఈ పని పూర్తయ్యేదాకా అక్కడే ఉంటుంది. కుడిచేత్తో గొడుగు ఎత్తాడు. నిజంగానే తేలిక, లోపల ఊచలున్నాయా లేవా అనిపించేంత తేలిక. వెనకాల కూతురు బెండ్ల అర ముందు నిలబడి ఎర్ర బెండుకీ పచ్చ బెండుకీ తేడా ఏమిటా అన్నట్టు చూస్తోంది. దానికి బెండ్ల మీద ఏం ఆసక్తి? నీళ్ళలో తేలేదేదైనా దానికి ఒకటే. అది చూసేది బెండ్లని కాదు, అర వెనకున్న అద్దంలో తండ్రిని. దాని ఉద్యోగమే అది. డ్రైవింగు లైసెన్సుకు వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, రోడ్డు చూస్తున్నట్టుంటూ వాళ్ళ కాళ్ళూ చేతులూ చూడటం. దాని దగ్గర ఫెయిలైనవాళ్ళంతా ఒకటే మాట చెబుతారు, బండి దిగేదాకా మొహంలో ఏమీ తెలియదండీ అని. ఆ మొహమే ఇప్పుడు బెండ్ల మధ్యనుంచి ఆయన వీపును చూస్తోంది. ఆయనకు మెడ వెనక చెమట పట్టింది, కొట్టులో ఫ్యాను తిరుగుతూనే ఉన్నా.

కారులో ఒక్క మాటే అంది. ఒక్కడివీ వెళ్ళి, ఒక్కడివీ సర్దుకుని రాగలిగితే వెళ్ళు నాన్నా, లేకపోతే నది సంగతి మర్చిపో. అంతే, మళ్ళీ మాట్లాడలేదు, గేరు మార్చింది. ఆ కారు ఒకప్పుడు ఆయనదే. గేటు స్తంభానికి రాసుకున్న రోజున తాళం చెవి కూతురి సంచిలోకి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడు మిగిలింది నది ఒక్కటే, అదీ పొద్దున్న ఆఫీసుకు పోతూ అది దింపితే, సాయంత్రం వస్తూ ఎక్కించుకుంటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండాలంటే ఎండకు గొడుగు కావాలి. గొడుగు వేసుకోగలనని ఇక్కడ, ఈ కొట్టులో, ఈ పిల్ల కళ్ళ ముందు రుజువు చెయ్యాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఆయనకు ఇల్లే రచ్చ అయి కూర్చుంది. పాత గొడుగు ఉందిగా అని భార్య అంది. ఆవిడ అమాయకంగా అనలేదు, పొద్దున్నే ఆయన చొక్కాకు కుడిచేతి బొత్తాం పెడుతూ, తలెత్తకుండా అంది. కుడిచేతి బొత్తాం పెట్టాల్సింది ఎడమచెయ్యి కదా. ఎప్పటినుంచి ఆవిడ ఆ బొత్తాం పెడుతోందో ఇద్దరూ అనుకోలేదు, ఒకరోజు పెట్టింది, ఆ తర్వాత రోజూ పెడుతోంది. పాత గొడుగు బరువే, అని ఆయన మళ్ళీ అన్నాడు. ఆ మాట మొదటిసారి అన్నప్పుడే మొదలైంది తప్పు.

మేడ మెట్ల మీద జారింది పాత గొడుగు. ఇనప కాడ, మందపాటి గుడ్డ, తడిస్తే చచ్చిన దూడంత బరువు. కుడిచేతిలో గాలాల పెట్టె, ఎడమచంకలో గొడుగు, చంకలోంచి చేతిలోకి మార్చుకుంటూంటే చివరి రెండు వేళ్ళూ రాలేదు. రమ్మంటే రాలేదు. గొడుగు మెట్టు మెట్టుకీ మోగుతూ కిందికంటా దొర్లి, కింద వాటా వాళ్ళ తలుపుకు కొట్టుకుని ఆగింది. కూతురు పరిగెత్తుకొచ్చింది. ఏమైంది నాన్నా? ఏమీ లేదమ్మా, బరువు, పాత సామాను, మునుపటిలా మొయ్యలేకపోతున్నా. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, అది అతికింది, అతికి ఊరుకోకుండా ఈ కొట్టు దాకా వెంట వచ్చింది. బరువే కదా బాధ, తేలికది కొందాం అంది కూతురు. ఏమంటాడు? వద్దంటే, ఎందుకు వద్దు అని అడుగుతుంది. సరేనన్నాడు. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నట్టయింది. నెత్తిమీద గొడుగు దూదిలా ఉన్నా ఇనుములా ఉన్నా ఆ రెండు వేళ్ళకూ ఒకటే అని దానికి ఎలా చెబుతాడు?

డాక్టరు చెప్పాడు. ఆ వేళ్ళకు పోయే నరం మీద చిన్న దెబ్బ, ఒక గీత గీసినట్టు, అంతే, కానీ ఇంట్లోవాళ్ళకు చెప్పండి, ఈ రబ్బరు బంతి రోజూ నొక్కుతూండండి, ఈ మాత్రలు వేసుకున్నన్నాళ్ళు ఎండలో ఎక్కువసేపు ఉండకండి అన్నాడు. అప్పుడు కూతురు బయట కారు నిలపడానికి చోటు వెతుక్కుంటోంది. అది లోపలికొచ్చేసరికి డాక్టరు మరొకరిని పిలిచాడు. ఏమన్నారు నాన్నా? ఎండలో ఉండొద్దన్నారు. నిజమే కదా, అనలేదా డాక్టరు? నాలుగు మాటల్లో ఒక మాట పట్టుకొచ్చాడు, మిగతా మూడూ అక్కడే కుర్చీ కింద వదిలేశాడు. బంతి గాలాల పెట్టెలో దాక్కుంది, సీసపు గుళ్ళ కింద. నది ఒడ్డున ఎవరూ లేనప్పుడు తీసి నొక్కుతాడు, బంతి మెత్తగా ఉంటుంది, అయినా లొంగదు.

ఇది చూడండి, అని యజమాని రెండోది తెచ్చాడు, మళ్ళీ చెయ్యి చాచి, ఈసారి తనే గుర్తొచ్చి బల్ల మీద పెట్టాడు. మంచివాడు. మాటల పుట్ట. దీనికి లోపల వెండిపూత ఉందట, ఎండ తిరిగి ఆకాశానికే పోతుందట, నాలుగు వైపులా తాళ్ళు కట్టుకోవడానికి రంధ్రాలున్నాయట, భుజానికి తగిలించుకునే సంచి ఉందట. తాళ్ళు కట్టాలంటే ముడి వెయ్యాలి. ముడికి రెండు చేతులు. వద్దు. మొదటిదానికి కాడ మధ్యలో మర ఉంది, తిప్పితే బిగుస్తుంది, కాడను ఒక చెయ్యి పట్టుకుంటే మరో చెయ్యి తిప్పాలి. అదీ వద్దు. కానీ ఎందుకు వద్దో నోటితో చెప్పకూడదు. గుడ్డ పలచగా ఉందనీ, రంగు బాగాలేదనీ, ఆ పచ్చదనానికి చేపలు పారిపోతాయనీ వంకలు పెట్టాడు. చేపలకు గొడుగు రంగు తెలుస్తుందా మేస్త్రీగారూ అని యజమాని ఆశ్చర్యపోతే, నా చేపలకు తెలుస్తుంది అన్నాడు. ఇంకోవైపు బెండ్ల అర దగ్గర ఏదో డబ్బా కదిలింది. నవ్విందా? ఆ మొహం నవ్వదు పరీక్ష జరుగుతుండగా. ఇంటి దగ్గర ఎంత వాగుడుకాయ, తన కూతుర్ని పడుకోబెడుతూ పాడితే పక్కింటి పిల్లలు కూడా నిద్రపోతారు, ఆ ఉద్యోగం కుర్చీలో కూర్చుంటే మాత్రం రాయి. ఆ కుర్చీ ఇప్పుడు కొట్టు దాకా వచ్చింది. ఒకసారి ఎవడో కుర్రాడు దాని ముందు ఏడ్చాడట, ఇంకొక్క ఛాన్సు ఇవ్వండి మేడమ్ అని. ఇచ్చావా అమ్మా అని అడిగితే, బ్రేకు మీద కాలు పడలేదు నాన్నా, జాలి పడితే రోడ్డు మీద ఇంకెవరో పోతారు అంది. అప్పుడు ఎంత గర్వపడ్డాడు. నా కూతురు అనుకున్నాడు. నా దగ్గరే నేర్చుకుంది.

ఆయన దగ్గరే నేర్చుకుంది మరి. లిఫ్టు మేస్త్రీ కూతురు. జీవితమంతా ఆయన బతికింది గోతుల్లోనే, మేడల మధ్యలో నిలువునా ఉండే చీకటి గోతుల్లో, పైనొకడూ కిందొకడూ, నడుమ తీగలు, గ్రీజు వాసన, ఒక దీపం. ఆకాశమంటే ఆయనకు పై అంతస్తు గది కప్పు. అందుకే పని మానేసిన మర్నాడు నది ఒడ్డుకు పోయి కూర్చున్నాడు, అక్కడ పైన ఏమీ లేదు. గోతిలో పైవాడికి కిందవాడు కనపడడు. కనపడనివాడి ప్రాణం చేతిలో ఉన్నప్పుడు మాట ఒక్కటే చెయ్యి. ఏ వస్తువైనా సరే, రెంచి గానీ మోటారు మూత గానీ, ఇచ్చేవాడు "వదలనా?" అని అడగాలి. అందుకున్నవాడు "పట్టుకున్నా, వదులు" అనాలి. ఆ మాటే అనాలి. ఊఁ అంటే చెల్లదు. చేరిన కొత్తలో ఆయన "సరే" అన్నాడు, పెద్ద మేస్త్రీ నిచ్చెన దిగి వచ్చి చెంప పగలగొట్టాడు. సరే అంటే ఏమిటిరా? భోజనానికి సరేనా, పెళ్ళికి సరేనా? చెవి గింగురుమంటూంటే నేర్చుకున్నాడు. జవాబు రాకపోతే వదలకూడదు, చెయ్యి తెగినా సరే. పట్టుకోకుండా పట్టుకున్నానని మాత్రం చచ్చినా అనకూడదు. ఎన్ని అబద్ధాలైనా ఆడు, పెళ్ళాంతో ఆడు, యజమానితో ఆడు, ఈ ఒక్క మాట మీద ఆడకు అనేవాడు పెద్ద మేస్త్రీ.

ఆ మాట గోతిలో ఉండిపోలేదు, ఆయన బట్టలకు అంటిన గ్రీజుతోపాటు ఇంటికీ వచ్చింది. అన్నం గిన్నె అందిస్తే వదలనా, పట్టుకున్నా. నీళ్ళ చెంబుకు వదలనా, పట్టుకున్నా. కూతురికి మాటలు వచ్చిన కొత్తలో అమ్మా నాన్నా తర్వాత వచ్చింది పత్తుకున్నా. అల్లుడు మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు ఉప్పు డబ్బా ఇస్తూ ఇంటిల్లిపాదీ ఇలా అంటూంటే ఇదేదో వీళ్ళ ప్రార్థన కాబోలనుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆ సంగతి చెప్పుకుని ఎంత నవ్వారో. మనవరాలు పుట్టిన రోజు, ఆసుపత్రి మంచం మీద కూతురు, కళ్ళు గుంటలు పడి, గుడ్డలో చుట్టిన పిల్లను ఎత్తి ఇస్తూ, ఆయన రెండు చేతులూ కిందికి వచ్చినా వదల్లేదు. అను నాన్నా అంది. పట్టుకున్నానమ్మా అన్నాడు. అప్పుడు వదిలింది. అప్పటికి ఎడమచెయ్యి చెయ్యిలాగే ఉంది, పిల్ల తల ఆ అరచేతిలోనే పడుకుంది. ఇప్పుడు ఆ పిల్ల నడుస్తోంది, ఎత్తుకోమని వచ్చి మోకాళ్ళకు చుట్టుకుంటుంది, ఆయన కుర్చీలో కూర్చుని, ఒళ్ళోకి ఎక్కమ్మా ఎక్కు అంటాడు. ఆలోచన అక్కడికి పోకూడదు. ఇక్కడ ఉండాలి, ఈ కొట్టులో, ఈ బల్ల దగ్గర. చెయ్యి జేబులో ఉంది. జేబులో అది ఏం చేస్తోందో ఆయనకే తెలియదు, నిద్రపోయిందేమో.

మూడో గొడుగు ఆయనే చూశాడు, మూలన, వానపాముల డబ్బాలు పెట్టే ఫ్రిజ్ పక్కన నిలబెట్టి ఉంది. బూడిదరంగు. పలచటి కాడ, అడుగున నేలలో గుచ్చుకునే మొన, ఊచలు ఇనుము కాదు, వంచితే వంగి లేచేవి. మర లేదు, తాళ్ళు లేవు. కాడ మీద ఒక రింగు, దాన్ని పైకి తోస్తే గొడుగు విచ్చుకుని టక్కుమని ఆగుతుంది. తోయడమే. ఒక్క చెయ్యి చాలు. ఇది చాలా తేలికండీ, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళకు ఇదే, రాత్రి ఒడ్డునే పడుకునేవాళ్ళకు పనికిరాదనుకోండి అంటున్నాడు యజమాని, పెరట్లో కాస్త మట్టి ఉంది, గుచ్చి చూసుకోండి అంటున్నాడు. ఆయన అప్పటికే కుడిచేత్తో గొడుగు తీసుకుని వెనక తలుపు వైపు నడుస్తున్నాడు. వెనకాల చెప్పుల చప్పుడు వచ్చింది, తొందర లేకుండా.

పెరడు చిన్నది. ఒక పక్క ఖాళీ పెట్టెలు, ఒక పక్క యజమాని మోటారుసైకిలు, ఎదురుగా మోకాలెత్తు గోడ, గోడకు అవతల రోడ్డు, రోడ్డు మీద బస్సులు. నడుమ చారెడు మట్టి, మీద కంకర. కూతురు గుమ్మంలో ఆగిపోయింది, భుజం తలుపుకు ఆనించి. ఆయన మొనను మట్టిలో పెట్టి కాలితో తొక్కాడు, కాడను అటూ ఇటూ ఊపి మళ్ళీ తొక్కాడు, ఇందులో ఎడమచేతి పని ఏమీ లేదు, ఎవరైనా ఇలాగే చేస్తారు. అయినా చెయ్యి జేబులోంచి తీశాడు. జేబులో చెయ్యి పెట్టుకుని పని చేసేవాణ్ణి ఎవరు నమ్ముతారు? తీసి కాడ మీద ఆనించాడు, పట్టుకున్నట్టు కనపడేలా. కుడిచేత్తో రింగు తోశాడు. గుడ్డ లేచింది, ఊచలు ఒక్కొక్కటే సాగాయి, టక్. నెత్తిమీద బూడిదరంగు నీడ పరుచుకుంది. ఆయనకు ఒక్కసారి నది వాసన వేసింది. ఆ వంపు దగ్గర, ఒడ్డు మెత్తగా ఉండే చోట, కుర్చీ కింద గడ్డి నలిగిపోయి ఉన్న చోట, బెండు నీళ్ళ మీద నిలబడి, దాని చుట్టూ చిన్న చిన్న పురుగులు నడుస్తూ, రెప్ప వెయ్యకుండా చూస్తూంటే బెండు ఒకసారి, ఒక్కసారే, తల ఊపినట్టు మునిగి లేవడం. ఎవరూ పిలవరు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మాట మీద నిలబడి బతికినవాడికి మాట లేని చోటు ఎంత హాయో ఈ పిల్లకు ఎలా తెలుస్తుంది. అది లేకపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలి? కిటికీ దగ్గర కూర్చుని కింద వాటా వాళ్ళ కుక్కను చూడాలా? భార్య అప్పుడే అంటోంది, పొద్దస్తమానం ఎదురుగా కూర్చుంటే నా ప్రాణం తోడేస్తాడమ్మా అని. నవ్వుతూనే అంటుంది గానీ. ఆయన గొడుగు కిందనుంచి తిరిగి కూతురి వైపు చూశాడు, గెలిచినవాడిలా కనపడకూడదనుకుంటూ గెలిచినవాడిలాగే చూశాడు. ఎలా ఉంది?

"బావుంది," అంది కూతురు. "ఇప్పుడు ముయ్యి."

ముయ్యడం. ఆయన ముయ్యడం గురించి ఆలోచించలేదు. ఎంత వెర్రివాడు! లిఫ్టు పైకి పోతే కిందికి రావాలని తెలియనివాడా? కొట్టులో అడుగు పెట్టినప్పటినుంచీ, అంతకుముందు కారులో, అంతకుముందు రాత్రి పడుకుని కూడా, ఎలా వెయ్యాలి, ఎలా వెయ్యాలి అనే లోపల తిరిగింది. ఒక్కడివీ సర్దుకుని రాగలిగితే అంది కదా, స్పష్టంగా అంది, గేరు మార్చేముందు అంది. నది ఒడ్డుకు రోజూ పోయేవాడికి ఎవరైనా మొదట చెప్పేది కూడా అదే, గాలి లేవబోయే ముందే గొడుగు మూసెయ్యి, వెయ్యడం ఎవడైనా వేస్తాడు. ఆయన రింగు కింద చూశాడు. కాడలోంచి పొడుచుకొచ్చిన చిన్న బొత్తాం, దాని మీద బిర్రుగా కూర్చున్న రింగు. రింగును ఒక చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంటే గానీ రెండో చేతి బొటనవేలికి బొత్తాం లొంగదు. ఒక చెయ్యి, రెండో చెయ్యి. కుడిచేత్తో రింగు ఎత్తాడు. ఎడమ బొటనవేలు బొత్తాం మీద పెట్టాడు. పెట్టాడు, అంతే, వెనక రెండు వేళ్ళ పట్టు లేక అది అక్కడ ఊరికే కూర్చుంది. నొక్కు. నొక్కు. చెమట కంట్లోకి దిగింది. చేతులు మార్చాడు, ఎడమ అరచెయ్యి రింగు కింద పెట్టి మణికట్టుతో ఎత్తబోయాడు, జారింది. బొత్తాం బిగుతుగా ఉంది, కొత్త సామాను కదా, అందామని నోరు తెరిచాడు. ఆ మాట పూర్తిగా తయారై ఉంది నాలుక మీద, బరువే అన్న మాట ఎలా తయారై వచ్చిందో అలాగే.

అప్పుడు గాలి వచ్చింది. రోడ్డు మీద దుమ్ము లేచి, గోడ దాటి, ఖాళీ పెట్టెల్లో ఒకదాన్ని తోసుకుంటూ వచ్చింది. తేలిక గొడుగు తేలిక గొడుగే. కంకరలో మొన పట్టు ఎంత? గుడ్డ కిందికి గాలి దూరగానే కాడ ఒక్క కుదుపు కుదిపి నేలలోంచి ఊడివచ్చింది. ఆయన కుడిచేత్తో పట్టుకున్నాడు, గొడుగు ఆయన్ని రెండడుగులు లాగింది గోడ వైపు. ఇనప గొడుగైతే నిలబడేది, పాపం దాన్ని ఎంత తిట్టాడు. ఇప్పుడు కుడిచేత్తో పట్టుకుంటే ముయ్యలేడు, ముయ్యబోతే పట్టుకోలేడు, వదిలేస్తే గోడ దాటి రోడ్డు మీద పడుతుంది, ఎవడో బస్సు డ్రైవరు అద్దం మీద పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుమ్మంలోంచి యజమాని అయ్యయ్యో మేస్త్రీగారూ అంటూ రాబోయాడు. కూతురు అరచెయ్యి అడ్డం పెట్టింది. చూశాడాయన. పరీక్షలో వెనక సీట్లోంచి తండ్రో మొగుడో సలహా చెప్పబోతే అది అలాగే చెయ్యి అడ్డం పెడుతుందట, తలైనా తిప్పకుండా. అంత కఠినురాలా నా కూతురు? కళ్ళలో మంట పుట్టింది. కోపమూ సిగ్గూ ఒకేసారి వచ్చి, ఏది ఏదో తెలియకుండా పోయాయి.

గొడుగు మళ్ళీ లాగింది. ఈ ఎడమచెయ్యే, ఇదే, ఒకనాడు గోతిలో మోటారు మూతను పట్టుకుని ఉండిపోయింది. పైనుంచి వదలనా అన్నారు, పట్టుకున్నా వదులు అన్నాడు, అన్న తర్వాత తెలిసింది అంచు కత్తిలా ఉందని. అరచెయ్యి తెగి నెత్తురు మోచేతి దాకా కారింది, వదల్లేదు, కింద జోడీగాడు నిలబడి ఉన్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. మచ్చ ఉంది గానీ చెయ్యి లేదు. చెయ్యి పోవడం కాదు కష్టం, పోయిందని అనడం కష్టం. ఎందుకు కష్టం? గోతిలో అయితే ఎంత సులువుగా అనేవాడు. చెయ్యి చాలకపోతే కింద నుంచి పైకి ఒక్క కేక, పట్టుకో అని. అది అడగడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడి అడగనివాణ్ణే పనిలోంచి తీసేసేవారు, వాడితో పక్కవాడికి ప్రమాదమని. తను మేస్త్రీ అయ్యాక తనే తీసేశాడు ఒకణ్ణి, మంచి పనివాణ్ణి, నోరు విప్పనందుకు. గాలి గొడుగును తిరగేసింది, ఊచలు పైకి లేచాయి, భుజం నొప్పెట్టింది. గోడ మోకాలికి తగిలింది.

"పట్టుకోమ్మా," అన్నాడు.

ఆ మాట కోసమే ఒంటికాలి మీద నిలబడి ఉన్నట్టు వచ్చింది కూతురు. ఎప్పుడు గుమ్మం వదిలిందో, ఎప్పుడు పెరడు దాటిందో తెలియలేదు, చున్నీ మోటారుసైకిలు హ్యాండిలుకు తగులుకుని చిరిగిన చప్పుడైంది, వెనక్కి చూడలేదు. రెండు చేతులూ ఆయన చేతి మీదుగా కాడ చుట్టూ బిగించింది. గొడుగు ఆగింది.

"పట్టుకున్నా," అంది.

ఇద్దరూ ఒగరుస్తూ నిలబడ్డారు. దాని తల ఆయన గడ్డం కింద ఉంది, జుట్టులో దుమ్ము. గొడుగుతోనే మాట్లాడుతున్నట్టు దాన్నే చూస్తూ అంది కూతురు.

"ఎండాకాలం నుంచి నువ్వు నా చేతిలోంచి ఒక్క వస్తువు అందుకోలేదు నాన్నా. టీ తెస్తే అక్కడ పెట్టమంటావు. పేపరిస్తే అక్కడ పెట్టమంటావు. పిల్లదాన్ని ఇస్తే మంచం మీద కూర్చోబెట్టమంటావు. ఆ మాట అనాల్సి వస్తుందని కదూ?"

ఆయన బరువు గురించి అబద్ధమాడాడు, డాక్టరు గురించి ఆడాడు, గొడుగు రంగు గురించి, చేపల గురించి కూడా ఆడాడు, ఆ ఒక్క మాట మీద ఆడలేక పట్టుబడ్డాడు. ఎడమచెయ్యి దాని చేతుల పక్కన కాడ మీద ఆని ఉంది, రెండు వేళ్ళు విడిగా, గాలికి కాస్త కదులుతూ. దాచడానికి ఇప్పుడు జేబు చాలా దూరం.

"చెబితే నది పోతుందని," అన్నాడు చివరికి.

"నీకు నదే కనపడింది," అంది కూతురు. గొంతు పలచగా ఉంది. "నేనెక్కడా కనపడలేదా?"

ఆయన దాని మొహం చూడాలని చూశాడు. రాయి లేదు అక్కడ. ముక్కు ఎర్రబడి, చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ఏడుపు ఆపుకున్నప్పటిలా పై పెదవి బిగించి ఉంది. తర్వాత గొంతు సవరించుకుంది, ఆఫీసు గొంతు తెచ్చుకుంది, అది పూర్తిగా రాలేదు.

"ఫెయిల్," అంది. "రేపు నాతో డాక్టరు దగ్గరికి రావాలి, ఈసారి లోపలికి నేనూ వస్తా. అప్పటిదాకా ఎల్ బోర్డు. ఎల్ బోర్డు వాళ్ళు పక్కన ఒకళ్ళుంటేనే బయల్దేరాలి. ఆదివారాలు నేను కూర్చుంటా."

"నీకు వానపాములంటే అసహ్యం కదమ్మా."

"వానపాములు నీ పని. గొడుగు ముయ్యడం నా పని."

గుమ్మంలో యజమాని ఇదే ప్యాక్ చెయ్యమంటారా అని అడిగి, ఇద్దర్నీ ఓసారి చూసి లోపలికి పోయాడు. ఆదివారం ఒక్కటే అంటే మిగతా రోజులు పోయినట్టే, ఆయనకు అది తెలుసు, కడుపులో ఒక మూల అది అప్పుడే లెక్క తేలి కూర్చుంది, కింద వాటా వాళ్ళ కుక్క కూడా కనపడింది. అయినా వంపు దగ్గర గడ్డి మీద రెండో కుర్చీ ఎక్కడ వెయ్యాలా అని కూడా అప్పుడే చూస్తున్నాడు, కాస్త ఎడమగా, నేల పల్లంగా లేని చోట. మాట్లాడకుండా కూర్చోగలదా ఇది? చేపలన్నీ పారిపోతాయి. పోనీ. గాలి తగ్గింది, మళ్ళీ లేచేలా ఉంది. కుడిచెయ్యి బాగా నొప్పెడుతోంది.

"వదలనా?" అని అడిగాడు.

కూతురు పెదవి ఇంకా బిగించే ఉంది, కళ్ళు గొడుగు మీదే ఉన్నాయి, చేతులు ఆయన చేతి మీద ఉన్నాయి. జవాబు రాలేదు. జవాబు రాకపోతే వదలకూడదు కాబట్టి ఆయన పట్టుకునే ఉన్నాడు.